బావగారి వేలిముద్ర

మొన్న పింఛను పని మీద బ్యాంకుకు పోతే, అక్కడి అమ్మాయి చిన్న యంత్రమొకటి ముందుకు జరిపి వేలు పెట్టమంది. సంతకం చేస్తానమ్మా, చదువుకున్నవాణ్ణే అన్నాను. "ఎంత చదివినా వేలే పెట్టాల తాతా" అని నవ్వింది. పెట్టాను. కానీ ఆ అద్దం మీద నాకు కనిపించింది నా వేలు కాదు, మా బావది.

పంతొమ్మిది వందల యాభైల చివరి మాట. కావలి దగ్గర బోగోలు అవతల సముద్రపు ఒడ్డున ఉప్పు మళ్ళకు నేను మేనేజరుని, నా మాట లేనిదే ఒక్క బండి కదిలేది కాదు. మీరంతా నా ఈడువాళ్ళు గనుక మీ దగ్గర దాచి లాభం లేదు, మేనేజరునేమీ కాదు, తాటాకు పాకలో కూర్చుని కూలీల హాజరు రాసే గుమాస్తాను. అదైనా, బి.ఏ. సంగతి దాచి ఎనిమిదో తరగతని చెప్పి సంపాదించిందే. డిగ్రీ చదివినవాడు నిలవడని, నిలిస్తే కూలీలను రెచ్చగొడతాడని మా కంట్రాక్టరుకు భయం.

మా అక్క మొగుడు ఎమ్మే, అదీ అర్థశాస్త్రం. మా పల్లెలో అంత చదివినవాడు ఇంకొకడు లేకపోవడంతో, పొలానికి పోతే నీకెందుకయ్యా ఈ బురద అని గట్టు మీదే నిలబెట్టేవారు, పట్నంలో ఆఫీసుకు పోతే ఇంత చదువుకు తగిన పని లేదని వాకిట్లోనే నిలబెట్టేవారు. అట్లా నిలబడీ నిలబడీ, అక్క నీళ్ళోసుకున్న వేసవిలో నా పాక ముందుకొచ్చి ఉప్పు మోస్తానన్నాడు. పేరు మార్చి, చదువు రాదని చెప్పాడు. మొదటి కూలి నాడు, పక్కన మేస్త్రీ చూస్తుండగా నేను సిరా డబ్బా చాపితే, ఎడమ బొటనవేలు నా చేతికిచ్చి ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు. వేలంతా ఉప్పు కోసిన గీతలు.

అయినా నెల్లూరులో ఒక కాలేజీలో లెక్చరరు పని వస్తుందని ఆయనకు ఆశ. చదివింది మరిచిపోకుండా, పొద్దు వాలాక ఉప్పు కుప్పల ముందు నిలబడి పాఠం చెప్పుకునేవాడు. వినడానికి ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చేవని మా మనవళ్ళకు చెబుతుంటాను గానీ, వచ్చింది నలుగురు ఆడకూలీలు, ఒక కుక్క. "ఏందబ్బయ్యా, మీ బావ ఉప్పుకు పాఠం జెప్తా ఉండాడు, ఉప్పు పాసయిద్దా?" అని ఒకామె నన్ను ఎగతాళి చేసేది. చేస్తూనే తట్ట బోర్లించి కూర్చునేది, మేస్త్రీ వస్తుంటే దగ్గేది.

ఆషాఢంలో కాలేజీ నుంచి కబురొచ్చింది. మనిషికి కూలి ఇంతని ఎవరు నిర్ణయిస్తారు అన్న పాఠం సగంలో ఆపి, మిగతాది వచ్చి చెబుతానని వాళ్ళకు మాటిచ్చి, తెల్ల చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. బావ ప్రొఫెసరయ్యాడని నేను ఊరంతా చాటేశాను. రెండు రోజులకే ఆయన మళ్ళీ తట్ట పట్టుకుని మడిలోకి దిగాడు.

"పని ఈలేదా బావా?"

"ఇచ్చినార్రా. జీతం మొత్తానికి సంతకం పెట్టి, సగమే తీసుకోవాలంట. ఈడ వేలిముద్రేసినా, కూలి మొత్తం ఇస్తా ఉండారు గదరా."

ఆ సాయంత్రం ఆడవాళ్ళు తట్టలు బోర్లించుకుని చాలాసేపు కూర్చున్నారు. "ఈ పొద్దు పాఠం లేదా అన్నా?" అని ఒకామె కేక వేసింది. బావ తన గుడిసె ముందు చేతులు కడుక్కుంటూనే ఉండిపోయాడు. మర్నాడు కూడా అంతే. ఆ తరువాత కొన్నేళ్ళకు కావలిలో ఉప్పుకొట్టు పెట్టుకుని, పిల్లలను పెంచి, కాలం చేశాడు. కూతురికి లెక్క రాకపోతే, ఎమ్మే చదివిన తండ్రి, చెప్పమని నా కోసం కబురు పెట్టేవాడు.

ఆ మళ్ళన్నీ ఇప్పుడు రొయ్యల గుంటలు. కాలేజీలు లెక్కలేనన్ని వచ్చాయి. బస్సులో పక్కన కూర్చున్న లెక్చరరు కుర్రవాళ్ళను జీతమెంత నాయనా అని అడుగుతుంటాను, పెద్దవాణ్ణని మర్యాదగా చెబుతారు. అందులో చేతికొచ్చేదెంత అని అడగబోతాను. నోరు రాదు.