నాలుగు మిర్చీలు, ఒక సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు పద్నాలుగేళ్లు. భక్తి మాత్రం అరవై ఏళ్ల మనిషికున్నంత ఉండేది (అని నేననుకునేదాన్ని). మంచిర్యాల వైపు బొగ్గుగని కాలనీలో మాదొక చిన్న చర్చి. నెలకో శనివారం పిల్లలమంతా ఉపవాసముండి ప్రార్థన చేసేవాళ్లం. సాయంత్రం పెద్దవాళ్లూ వచ్చాక ఒక్కొక్కరు లేచి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. అందులోనూ, పాట ఎత్తుకోవడంలోనూ నన్ను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. ఆ శనివారం మధ్యాహ్నం కాళ్లు కడుక్కొస్తానని బయటికొచ్చాను. ఎదురుగా బండి మీద మిర్చి బజ్జీలు వేగుతున్నాయి. నాలుగు తిని, మూతి తుడుచుకొని, బుద్ధిగా వచ్చి కూర్చున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం లేచి, "పొద్దుగాలసంది పచ్చి మంచినీళ్లు గూడ ముట్టలే. అయినా ఆకలే కాలే, అంత దేవుని కృప" అన్నాను. చర్చంతా "స్తోత్రం!" అంది.

అందరికంటే గట్టిగా అన్నది మా నానమ్మ. ఆమెకు షుగరు. గోలీ వేసుకొని తినకపోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు నా ముందే చెప్పాడు. తెల్లారి ఆదివారం గోలీ వేసుకొని కంచం పక్కకు నెట్టింది. "గింత పోరి ఉంటే నేనుండనా? ప్రార్థన అయ్యేదాక ముట్ట" అంది. నేను బైబిలు చంకన పెట్టుకొని ఆమె వెనకే చర్చికి నడిచాను. పాస్టరు అయ్యగారి ప్రసంగం సగంలో ఉండగా చూద్దును కదా, నానమ్మకు ముచ్చెమటలు, చేతులు వణుకుతున్నాయి. లేచి నిలబడి, "నానమ్మా, నేను అబద్ధం జెప్పిన! మిర్చి తిన్న! నాలుగు! నువ్వు తిను!" అని అరిచాను. పాస్టరమ్మ పరుగెత్తి చక్కెర నీళ్లు తాగించింది.

ఇక నేను దేవుడికి పనికిరానని తీర్మానించుకొని బయట మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి నానమ్మే బిస్కెట్ నములుతూ వచ్చింది.

"పాట ఎత్తుకునేటోళ్లు లేరు, రా."

"దేవుడు నన్ను మల్ల రానిస్తడా?"

"నువ్వు నిజం జెప్తెనే గద నేను బతికిన. తప్పయిందని అడుగు, లేచి పాడు. ఏడ్సుకుంట గూసుంటే ఏమొస్తది బిడ్డా?"

వెళ్లి పాట ఎత్తుకున్నాను. చివరి చరణం దాకా ఆపలేదు. పాటయ్యాక వెనక వరుసలో ముగ్గురు పిల్లలు లేచి, "అయ్యగారూ, మేము గూడ..." అన్నారు. బండాయనకు శనివారం గిరాకీ ఎందుకో అప్పుడర్థమైంది.

ఇప్పుడు కరీంనగర్‌లో సండే స్కూల్ నడుపుతున్నాను. తప్పుచేసి మూల నక్కిన పిల్లల్ని లేపి పాటలో కలపడం నాకు బాగా చేతనవును, ఒక్కరినీ మూలన వదిలింది లేదు. నా తప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం ముందు పది సాకులు వెతుక్కుంటాను, వారం గడిచిపోతుంది. నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. నిండు చర్చిలో లేచి నిలబడడానికి ఆ పద్నాలుగేళ్ల పిల్లకు ఒక్క నిమిషమే పట్టింది.