బోర్డు మీద రాయని దినుసు

ఇంగ్లండులో బోల్టన్ అనే ఊళ్ళో, చర్చి వెనక హాల్లో, ఆ దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు మంగళవారాలు ఇంగ్లీషు చెప్పేది మేవిస్ ఎంట్విసిల్. బడిపిల్లలకు వండి వండి రిటైరైన మనిషి. వ్యాకరణం ఆమెకు అంతంతమాత్రం, తిండి మాత్రం వచ్చు. నోట్లో పడ్డ మాట మర్చిపోరని ఆమె నమ్మకం. అందుకే ప్రతివారం ఒక వంటకం చేసుకొచ్చి, దినుసులన్నీ బోర్డు మీద రాసి, పేరు సరిగ్గా పలికినవాళ్ళకే చెంచా ఇచ్చేది.

అందరికంటే గట్టిగా పలికేది గుజరాతీ ఇంటి కోడలు కాంత. పుట్టు శాకాహారి. మేవిస్‌ను తమ భాషలో 'బెన్', అంటే అక్కా, అని పిలిచేది. పిండికి జామ్ పూసి చుట్టి, పాత చొక్కా చేతిగుడ్డలో కట్టి ఆవిరికి ఉడికించే రోలీపోలీ మొదటిసారి చూసినప్పుడే అడిగింది.

"మేవిస్ బెన్, ఇందులో మాంసం లేదు కదా?"

"మాంసమా! పిండి, పాలు, జామ్. తీపిలో మాంసం ఎవరేస్తారే పిచ్చితల్లీ?" అని నవ్వి, ముసలి అత్తగారికని రెండు ముక్కలు పొట్లం కట్టి మరీ ఇచ్చింది. ఆపైన రోలీపోలీ చేసినప్పుడల్లా ఆ పొట్లం తప్పలేదు.

మేవిస్ అబద్ధమాడలేదు. పిండిలో కలిపే సూయెట్ తెల్లటి రవ్వలా డబ్బాలో వస్తుంది; పిండిలో భాగమే అనుకుని దాన్ని బోర్డు మీద కూడా ఎప్పుడూ రాయలేదు. వాళ్ళమ్మ వేసింది, అమ్మమ్మ వేసింది. ఆ ఊళ్ళో దాన్ని మాంసమని ఎవరూ అనుకోరు. ఒకరోజు కొట్లో ఆ డబ్బా పక్కనే 'శాకాహారులకు' అని రాసిన సూయెట్ కనబడింది. శాకాహారులది ఇదైతే మరి అదేమిటి? గొడ్డు కొవ్వు. తెలియక కాదు, ఎన్నడూ తలుచుకోక.

కాంతకు చెప్పాలి. నోరు రావాలి కదా! దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా ఆ శాకాహారుల డబ్బా కొనుక్కొచ్చి వండింది మేవిస్. ఇకమీదట తప్పు జరగదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సిగ్గులేని సర్దుబాటు అది, ఆమెకూ తెలుసు.

మంగళవారం కాంత ఒక చెంచా తిని మొహం అదోలా పెట్టింది.

"ఇవాళ ఏదో తక్కువైంది మేవిస్ బెన్. మునుపటి రుచి లేదు. ఏం వేయడం మర్చిపోయారు?"

అందరూ నవ్వారు. మేవిస్ ఆమెను వంటగదిలోకి తీసుకెళ్ళింది.

"మర్చిపోలేదు తల్లీ, మానేశాను. ఇన్నాళ్ళూ గొడ్డు కొవ్వు వేశాను. నాకు తట్టనే లేదు. పాపిష్టిదాన్ని."

కాంత చేతిలోని పళ్ళెం పక్కన పెట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండునని మేవిస్‌కు అనిపించింది.

"నా సంగతి సరే," అంది కాంత. "మా అత్తయ్య మీరిచ్చిన ముక్క పాలల్లో ముంచుకుని, మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకుని తింటుంది. ఆమెకి చెబితే మళ్ళీ అన్నం ముట్టదు. చెప్పకుండా రోజూ ఆమె మొహం ఎలా చూడను?"

చెప్పేస్తే బరువు దిగుతుందనుకుంది మేవిస్. దిగి, కాంత నెత్తికెక్కింది.

కాంత కళ్ళు తుడుచుకుంది. "ఇవాళ్టి ముక్కలు కట్టండి. వట్టి చేతులతో వెళ్తే ఎందుకని అడుగుతుంది."

మేవిస్ పొట్లం కట్టింది. ముడి విప్పి మళ్ళీ వేసింది, మళ్ళీ విప్పి వేసింది.