కొండవాగులో తగ్గిన నీరు

వాగులో నీరు తగ్గింది కాబట్టి ప్రమాదం తప్పిందనుకున్నాను. ఆ రోజు నేను చేసిన మొదటి తప్పు అది. రెండోది ఆ సాయంత్రం కాగితం మీద చేశాను.

సర్వే శాఖలో చేరిన పదిహేడో ఏట నన్ను ఉత్తరాఖండ్‌లోని కుమావోన్ కొండలకు పంపారు. సెప్టెంబరు నెల, వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గలేదు. రిజర్వు అడవి సరిహద్దు రాళ్లను తిరిగి కొలిచి పటంలో ఎక్కించడం మా పని. పార్టీకి సీనియర్ సర్వేయర్ని నేను. నా కింద మా గోదావరి వైపే రాజోలు నుంచి వచ్చిన సర్వేయరు సత్యానందం గారు, సామాను మోస్తూ దారి చూపే ఖలాసీలు నలుగురు. ఖలాసీల్లో పెద్దవాడు ధన్ సింగ్ ఆ లోయలో పుట్టినవాడే. పదకొండేళ్లుగా రోజుకూలీ మీద చేస్తున్నాడు. ఆ ఏడు పర్మనెంటు చేయవలసినవాళ్ల జాబితాలో అతని పేరుంది.

మన గోదావరి కాలవగట్టు మీద నిలబడితే చూపు మైలు దూరం పోతుంది. అక్కడ దేవదారు చెట్ల మధ్య ఇరవై గజాలు కనిపిస్తే గొప్ప. అందుకని వాగుల దగ్గర, చెట్లు ఎడంగా ఉన్న చోట, అవతలి గట్టున అద్దం బిగించిన కర్ర నిలబెట్టి, ఇవతలి నుంచి పరికరంతో దూరం కొలిచేవాళ్లం.

రెండు రోజులు వాన. మూడో రోజు తెరిపిచ్చింది గాని వాగు పొంగుతూనే ఉంది. పది గంటలవేళ, చూస్తూండగానే, అరగంటలో మోకాలి లోతుకి దిగిపోయింది. నేను సంతోషించాను. మాది కొత్తపేట అవతల లంక ఊరు. బ్యారేజీ దగ్గర గోదావరి తీసిందని, అంటే వరద తగ్గిందని, కబురొస్తే గట్టెక్కిన జనమంతా సామాను సర్దుకుని ఇళ్లకు బయల్దేరడం చూస్తూ పెరిగినవాణ్ని.

కర్రతో అవతలి గట్టుకు దాటమన్నాను. ధన్ సింగ్ మాత్రం కర్ర పట్టుకుని కదల్లేదు. పైన వాన తగ్గలేదని, అయినా నీరు తగ్గిందంటే ఎక్కడో ఏదో అడ్డు పడిందని, ఈ పూటకు ఆగుదామని హిందీలో చెప్పాడు. సత్యానందం గారు అతన్నే బలపరిచారు.

"ఆగుదామండీ. ధన్ సింగ్ ఊరికే అనడండీ."

"రాజోలు మనిషై ఉండి మీరూ అదే మాటాండీ? తీసేసిన నీరు ఏం చేస్తుందండీ?" అన్నాను.

"ఆయ్. తమరెలా అంటే అలాగేనండీ," అని ఆయన తల దించుకున్నారు.

ధన్ సింగ్‌తో ఇంకో మాట అన్నాను. కొండవాడివై ఉండి మోకాలి లోతు నీళ్లకు భయమా అన్నాను. మిగతా ఖలాసీలు నవ్వారు. అతను దిగాడు.

సగం దాటాడో లేదో పైనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. కొండచరియ విరిగి చెట్లతో సహా వాగుకు అడ్డం పడిందట, వెనక నిలిచిన నీళ్లు దాన్ని తోసుకుని ఒక్కసారిగా వచ్చాయి. ధన్ సింగ్ కర్ర వదిలేసి ఒక బండను పట్టుకున్నాడు. కొట్టుకొచ్చిన మాను అతని ఎడమ కాలిని ఆ బండకేసి నలిపేసింది. ప్రాణం దక్కింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది.

ప్రమాదం జరిగిన రోజే నివేదిక రాయాలన్నది నియమం. సీనియర్ రాసి సంతకం చేయాలి, సాక్షిగా మరొకరు చేయాలి. 'ఖలాసీ అనుమతి లేకుండా వాగులోకి దిగాడు' అని రాశాను. సత్యానందం గారు సంతకం చేసి కాగితం నా ముందుకు జరిపారు.

"పెట్టేనండీ. చదవలేదండీ," అన్నారు.

ఆయన చదవకపోవడమే నయమనుకున్నాను. అప్పటి నా స్థితి అది.

మూడు నెలల తరవాత ఆయనే, సామాను కోసం ధన్ సింగ్ వాళ్ల ఊరు వెళ్లివచ్చి, ఒక సంగతి చెప్పారు. జాబితాలోంచి ధన్ సింగ్ పేరు కొట్టేశారు. అంతకన్నా ఊళ్లో మాట అతన్ని ఎక్కువ బాధిస్తోంది. కర్ర ఊతంగా వీధిలోకొస్తే, వాగు ఎండితే పరిగెత్తాలని మా మేకలకైనా తెలుసు, పదకొండేళ్లు సర్కారు పని చేసి నీకు తెలీలేదా అంటున్నారట.

"మనం చెప్పాల్సిందేమోనండీ," అన్నారు ఆయన.

ఆ వారం పై అధికారికి రెండో నివేదిక రాసిచ్చాను. ఖలాసీ వద్దన్నాడని, సర్వేయరు కూడా వద్దన్నారని, ఆజ్ఞ నాదేనని, మొదటి నివేదిక అబద్ధమని. విచారణ జరిగి నా ప్రమోషను నాలుగేళ్లు ఆగింది. అది న్యాయమే. ధన్ సింగ్‌ను డిపోలో సామాను చూసే పనిలోకి తీసుకుని పర్మనెంటు చేశారు. కొండెక్కే పని మళ్లీ చేయలేకపోయాడు. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

నివేదిక నకలు తీసుకుని వాళ్ల ఊరు వెళ్లాను. క్షమించమని అడగబోతే ఆ మాట వద్దన్నాడు. వీధిలో వాళ్లను పిలిచి, వాళ్ల ముందు కాగితం చదవమన్నాడు. హిందీలో చదివాను. 'ఈ పూటకు ఆగుదామని ధన్ సింగ్ చెప్పాడు' అన్న వాక్యం దగ్గర ఆపి మళ్లీ చదవమన్నాడు. చదివాను. అతను కాగితం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ చోటి మనిషి వద్దన్నప్పుడు, కారణం మనకు అర్థం కాకపోయినా పని ఆపాలి. ఇది నేర్చుకోవడానికి ఇంకొకడి కాలు ఖర్చయింది. ఆ తరవాత రిటైరయ్యేదాకా నా ఫీల్డు బుక్కులో ప్రతి పేజీకీ ఒక గడి అదనంగా గీసుకున్నాను: ఖలాసీ ఏమన్నాడు. అతని మాట రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకున్నాకే పరికరం పెట్టె తెరిచేవాణ్ని.