ఈశాన్యంలో స్టెప్నీ

పార్థసారథి గారికి వాస్తు అన్న మాట వినపడితే కోపం వచ్చేది. సరిగ్గా చెప్పాలంటే, అప్పటికే ఉన్న కోపం పెరిగేది. సర్వేయరుగా జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పొలాలన్నీ గొలుసు పట్టి కొలిచిన మనిషి. నిద్రలో లేపి అడిగినా ఉత్తరం ఎటో వేలు పెట్టి చూపించగలరు. "దిక్కులున్నది దారి తెలుసుకోడానికయ్యా, దడుసుకోడానికి కాదు" అనేవారు.

అలాంటి మనిషిని నెలాఖరుకల్లా గది ఖాళీ చెయ్యమన్నాడు ఇంటి ఓనరు వీరరాఘవయ్య.

"నైరుతి గదిలో అద్దెవాళ్ళు ఉండకూడదంట సారూ. అందుకే మావాడికి లోను రావట్లేదంట."

"మీవాడి లోను బ్యాంకులో ఉందయ్యా. నా మంచం కింద లేదు."

ఆ కోపంలోనే శపథం పట్టారు. ఇక అద్దె గడప తొక్కరు. పాత వ్యాను ఒకటి చవగ్గా కొని, అందులో మంచం, స్టవ్వు పెట్టుకుని ఉంటారు. "దిక్కు నచ్చకపోతే స్టీరింగు తిప్పుకుంటా. ఎవడు ఖాళీ చెయ్యమంటాడో చూస్తా." తన ఇంటికి రమ్మన్న చెల్లెలు చూడామణి మీదా అరిచారు. "ఉన్న రెండు గదుల్లో నన్నెక్కడ పెడతావే, అటక మీదా?"

ఆ అరుపులు భరిస్తూ ఆయన వెంట తిరిగేది చూడామణి కూతురు అమూల్య ఒక్కతే. ఇంటర్‌తో చదువు ఆగిపోయిన పిల్ల. ఎవరి ఎదుటా నోరు విప్పదు, అన్నీ చూస్తుంది. స్కూటీ నడిపేది తను. వెనక కూచుని దారి చెప్పేది ఆయన.

"ఉత్తరానికి తిప్పు."

"ఎడమకా మావయ్యా?"

"ఎవడి ఎడమ? అటు తిరిగితే ఎడమ, ఇటు తిరిగితే కుడి. ఉత్తరం ఎటు తిరిగినా ఉత్తరమే."

కంచికచర్లలో చూసిన వ్యానుకి అడుగు తుప్పు పట్టి కింద రోడ్డు కనపడింది. "ఇందులో పడుకోడానికి వ్యానెందుకయ్యా, హైవే మీదే పడుకుంటా" అని అమ్మేవాణ్ణి కడిగేశారు. జగ్గయ్యపేట షెడ్డులో బండి భేషుగ్గా ఉంది, ఇంజనే లేదు.

"మీరు ఉండటానికే గదండీ" అన్నాడు షెడ్డువాడు.

"పక్కవాణ్ణి తిట్టి వెళ్ళిపోవాలంటే బండి కదలొద్దూ?"

చివరికి చందర్లపాడులో దొరికింది. మిర్చి కోతలకి కూలీలను తిప్పే వ్యాను. చూపు మందగించి దాని ఓనరు డేవిడ్‌రాజు అమ్మేస్తున్నాడు. ధర తక్కువ. పార్థసారథి గారు లోపల కాళ్ళు చాపుకుని పడుకుని చూశారు. తిట్టడానికి ఏమీ దొరక్క మొహం ఎర్రబడింది.

"తాళం ఇయ్యవే మహిమా" అన్నాడు డేవిడ్‌రాజు కూతురితో. ఆ పిల్ల తాళం గుప్పిట్లో బిగించుకుని నిలబడింది. బండి ముందు అద్దం మీద ఎర్రటి ఎల్ అక్షరం ఇంకా తియ్యలేదు.

"నేర్చుకుందండి. లైసెన్సూ వచ్చింది. కానీ ఆడపిల్ల నడిపితే ఎవరెక్కుతారండి?"

ఆ మాటకి అమూల్యకి ఒళ్ళు మండింది. తన చదువు ఆపించినప్పుడూ ఇలాంటి మాటే విన్నది.

పార్థసారథి గారు ఆ గుప్పిట వంక చూశారు. అద్దం వంక చూశారు. గబగబా బండి వెనక్కి నడిచి విరుచుకుపడ్డారు.

"ఏమయ్యా, ఈశాన్యంలో స్టెప్నీ తగిలించి నాకు అంటగడతావా? ఈశాన్యంలో బరువుంటే కొంప మునగదూ?"

"టైరు తీసి ముందు పెడతానండి."

"పెట్టినా దోషం పోదు. ఇంకెవరికీ అమ్మకు, పాపం తగులుద్ది. ఇంటి ఆడపిల్ల నడిపితేనే ఈ దోషం పోయేది. శాస్త్రం."

అమూల్య స్టెప్నీ వంక చూసింది. సరిగ్గా దాని వెనకాలే సూర్యుడు దిగిపోతున్నాడు.

నెలాఖరుకి జగ్గయ్యపేటలోని ఇంజను లేని బండే గతయ్యింది. దాన్ని చూడామణి దొడ్లో పెట్టుకోవాలి. "నీ ఇంట్లో ఉండట్లేదు, దొడ్లో ఉంటున్నా" అని ఆవిడ మీద ముందే అరిచి పెట్టారు. తాడు కట్టి లాక్కెళ్ళే కిరాయి మహిమకే ఇచ్చారు. ముందు వ్యానులో మహిమ, పక్కన అమూల్య. వెనక బండిలో స్టీరింగు పట్టుకుని ఆయన.

నందిగామలో మలుపు దగ్గర వెనక నుంచి కేక వినపడింది. "ఉత్తరానికి తిప్పమనవే. ఇద్దరికీ చెవులు పోయాయా?"

అమూల్య కిటికీలోంచి తల బయటపెట్టింది. నడిరోడ్డు మీద ఆ పిల్ల అంత గొంతెత్తడం అదే మొదలు.

"ఏ ఉత్తరం మావయ్యా? మామూలు ఉత్తరమా, చందర్లపాడు ఉత్తరమా?"

పార్థసారథి గారు స్టీరింగు మీద ఒక్కటి చరిచారు. వెనకాల లారీ హారను కొడుతోంది.

"ఎడమకి" అన్నారు చివరికి, చాలా కోపంగా.