కోతపండుగలో గిటారు మోత

ఆ రోజుల్లో బోధన్‌లో గాలి తియ్యగా ఉండేదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నిజంగానే ఉండేది. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే నెలల్లో ఊరంతా పాకం వాసన కమ్ముకునేది. చెరకు బండ్లు బారులు తీరి, ఎడ్లూ బండివాళ్లూ నిద్రలో ఉన్నట్టే, మెల్లగా కదిలేవి. ఆ వాసనలో ఏ పని చేసినా సగం కలలో చేసినట్టే ఉండేది. డెబ్బయ్యో దశకం మొదట్లో, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, నేనొక ఘనకార్యం చేశాను. దాని తప్పు ఆ వాసన మీదికి నెట్టేద్దామని చాలాసార్లు చూశాను గానీ మా నాన్న, అదే మా బాపు, ఒప్పుకోలేదు.

బాపుది మోటారు వైండింగు దుకాణం. కాలిపోయిన పంపుసెట్లు వర్ని నుంచీ మోస్రా నుంచీ బండ్లమీద వచ్చేవి. వాటికి కొత్త రాగితీగ బాపే చుడతాడని ఊరు అనుకునేది. నిజానికి చుట్టేది నేను. దుకాణం వెనక గదిలో పరదా చాటున కూర్చుని చుట్టి, చుట్టలు పరదా కింది నుంచి ముందుకు తోసేదాన్ని. బాపు ముందు బల్ల దగ్గర కూర్చుని వాటిని మోటారులో దించి, కొసలు కలిపి, వార్నిష్ పోసేవాడు. ఆ బల్ల పక్కన ఖాళీ స్టూలు ఒకటి ఉండేది. నాకు లోకంలో కావలసిందల్లా ఆ స్టూలే. పరదా సందులోంచి దాన్ని చూస్తూ, దానిమీద కూర్చుని నేను గిరాకీలతో మాట్లాడుతున్నట్టు ఎన్ని పగటికలలు కన్నానో! అడిగితే మాత్రం బాపు, "రైతులేమంటరు బిడ్డా" అనేవాడు. వాళ్లు అననే అన్నారు కూడా. మా పాత గిరాకీ, మేమంతా వర్ని పెద్దాయన అనుకునే ఆయన, ఒకసారి పరదా అవతల నిలబడి, "ఆడివిల్ల సెయ్యి వడ్తే మోటరు నిలుస్తదా ఉస్తాద్?" అన్నాడు. అప్పుడు ఆయన మోటారు చుట్టే నా ఒళ్లో ఉంది.

అలాంటి రోజుల్లో గిటారు సారు వచ్చాడు. మిషన్ బడిలో పాఠాలు చెబుతూ చర్చిలో పాటలు నేర్పే కుర్రసారు. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో రాగం వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి నడిచేవాడు. (నేను పరదా సందును కొంచెం పెద్దది చేసుకున్న మాట నిజమే.) సికింద్రాబాదులో ఉండే మేనమామ ఇచ్చిన కరెంటు గిటారు బల్లమీద పెట్టి, తప్పు చేసిన పిల్లాడిలా, "లోపల ఏమున్నదో చూద్దామని ఇప్పిన ఉస్తాద్. ఎంటిక అసొంటి తీగ తెగింది" అన్నాడు. తీగల కింద చిన్న డబ్బీ ఉంది. అందులో పక్కపక్కన రెండు చుట్టలు, వాటి అడుగున ఒక అయస్కాంతం. పైన తీగ వణికితే ఈ చుట్టలు ఆ వణుకును పట్టి మైకు సెట్టుకు పంపుతాయట. ఒక్క చుట్టే ఉంటే పాటతోపాటు కరెంటు మోత కూడా వస్తుందట. రెండుంటే మోతను ఒకటి ఇటు, ఒకటి అటు లాగి మాయం చేస్తాయట. ఆ రెండింట్లో ఒకటి తెగింది. ఆదివారమే చర్చిలో కోతపండుగ.

బాపు తిప్పి తిప్పి చూసి, "గిది మోటరు గాదు, నాకు రాదు సార్" అన్నాడు. అంతే, పరదా వెనక నుంచి ఒక గొంతు, "నాకొస్తది!" అంది. ఆ గొంతు నాదేనని నాకూ కొంచెం ఆలస్యంగానే తెలిసింది. సారు ఉలిక్కిపడి, "లోపల ఎవరు?" అన్నాడు. బాపు ముఖం కందగడ్డయింది. సారు వెళ్లాక నా ముందు నిలబడి, "బాగైతే ఆ స్టూలు నీది. గాకుంటే మళ్ల గీ ముచ్చట ఎత్తద్దు, అవ్వ కాడ కుట్టువని నేర్సుకో" అన్నాడు. నేను పరదా దాటి బయటికి వచ్చినంత సంతోషపడ్డాను.

పాత టెలిఫోను గంటలోంచి సన్నతీగ తీశాను. మా అవ్వ కుట్టుమిషను మీద దారం చుట్టే చిన్న చక్రానికి, పాత తీగ ఊడదీసిన ఆ తెగిన చుట్టను తగిలించి, వేలి కొసలతో తీగ పట్టుకుని తిప్పాను. నూరు చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టాలి, యాభై గింజలు కావాలి. కిటికీలోంచి పాకం వాసన, చక్రం గిర్రున తిరిగే చప్పుడు, వేళ్ల మధ్య ఉందో లేదో తెలియని తీగ. మూడు రోజులు నేను ఈ లోకంలో లేను. (ఆ మైకంలో మా చెల్లి పచ్చీసు ఆడడానికి కొన్ని గింజలు ఎత్తుకుపోయింది. అవి యాభయ్యో యాభై మూడో ఈరోజుకీ నాకు తెలియదు.) చుట్టడమైతే వచ్చు. కొసలు కలపడం ఎప్పుడూ చేయలేదు. అయినా అందులో ఏముంది? మొదలు తల, చివర తోక. రైలు డబ్బాల్లాగా ఒకదాని తోకకు ఇంకొకదాని తల తగిలించేశాను. ఏ చుట్ట పలుకుతోందో విడిగా చూసుకోవడానికి ఆ ముడి దగ్గర చిన్న స్విచ్చి ఒకటి పెట్టాను. అది నొక్కితే నా కొత్త చుట్ట నిద్రపోయి పాతది ఒక్కటే మెలకువగా ఉంటుంది. ఆ స్విచ్చిని గిటారు పొట్టమీద నల్లటేపుతో అంటించాను.

సారు గిటారుకు కొత్త తీగలు ఇంకా బిగించలేదు. అందుకని గిటారును మైకు సెట్టుకు కలిపి, స్క్రూడ్రైవరుతో రెండు చుట్టల మీదా మెల్లగా కొట్టి చూశాను. మైకులో ఇది టక్ అంది, అదీ టక్ అంది. వెనక గుయ్యిమని ఏదో ఉంది గానీ మా దుకాణంలో పొద్దస్తమానం మోటార్లు గుయ్యిమంటూనే ఉంటాయి, అది నాకొక చప్పుడే కాదు. "అయిపోయింది" అన్నాను రాణిగారిలా. సారు స్విచ్చి చూసి మురిసిపోయి, "గిది ఉండనియ్యి చెల్లె" అన్నాడు. ఆ చివరి మాట లేకుండా అని ఉంటే బాగుండేది.

ఆదివారం చర్చి నిండా కానుకగా తెచ్చిన పంటే. చెరకు గడల కట్టలు, పసుపు కొమ్ములు, బియ్యం బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు. బాపూ నేనూ వెనక నిలబడ్డాం. ముందు వరసలో, బియ్యం బస్తా తెచ్చిన వర్ని పెద్దాయన. సారు కళ్లు మూసుకుని తీగ మీటాడు. గుయ్యిఁ అని చర్చి అదిరింది! కోళ్లన్నీ ఒక్కసారి కెవ్వుమన్నాయి. పాటేమో ఎక్కడో రేకుడబ్బాలో చిక్కుకున్న దోమలా సన్నగా ఏడుస్తోంది. మైకు అతను సెట్టు మీద ఏ మర తిప్పినా మోతే పెరిగింది. పాట పాడాల్సిన పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు. సారు తల ఈసారి వంచలేదు, నిటారుగా నావైపు తిప్పాడు. స్టూలు నాకు దూరంగా, చెరకు బండెక్కి వెళ్లిపోతున్నట్టు కనిపించింది. తప్పంటూ ఉంటే అది నా కొత్త చుట్టదే, దాన్ని పడుకోబెట్టాలి అని ఒక్కటే తోచింది. అందరి ముందు నుంచి గబగబా నడిచి వెళ్లి స్విచ్చి నొక్కాను.

మోత ఒక్కసారిగా అణిగి, అడుగున సన్నటి జీరలా మిగిలింది. పైన పాట వచ్చింది. పలుచగా, తేటగా, చలిపొద్దున చేదిన బావినీళ్లలాగా వచ్చింది. పిల్లలు అందుకున్నారు. పసుపు వాసన, పాకం వాసన, ఆ పాట అన్నీ కలిసిపోతుంటే నేను స్విచ్చి మీద వేలు తీయడం కూడా మరచిపోయాను.

ఆరాధన అయ్యాక వర్ని పెద్దాయన మా దగ్గరికి వచ్చి, "గా మోత బందువెట్టిన పిల్ల నీ బిడ్డేనా ఉస్తాద్? అబ్బ, ఏం సెయ్యి!" అన్నాడు. బాపు నన్ను చూశాడు, నేను నేల చూశాను. మోత పెట్టిందీ ఈ పిల్లేనని చెప్పేస్తాడనుకున్నాను. బాపు గొంతు సవరించుకుని, "నా బిడ్డే. మీ మోటర్లకు తీగ సుట్టేది గూడ గదే" అన్నాడు. పెద్దాయన నోరు తెరిచి, "మరి గిన్నేండ్లు జెప్పవైతివి?" అన్నాడు. "నువ్వేమంటవో అని భయమైంది పటేలా." బాపు భయమనే మాట అనగా నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటిదారిలో బాపు, "కొసలెట్ల కట్టినవ్?" అన్నాడు. చెప్పాను. "అయస్కాంతంది ఒక సుట్ట మీద ఉత్తరం మొకం, ఇంకోదాని మీద దక్షిణం మొకం. మన మోటర్ల లెక్కనే, గసొంటప్పుడు తోకకు తోక కట్టాలె. నువ్వు తోకకు తల కడ్తివి. మోతలు రెండు జత గూడినయ్, పాటలు రెండు కొట్టుకున్నయ్." నాకు ఉక్రోషం వచ్చి, "నాకెన్నడన్న జెప్పినవా బాపూ? పరదా ఎనకకు కొసలు రావు గద!" అన్నాను. బాపు నడక మెల్లబడింది. ఇల్లు దగ్గర పడుతుండగా, "కొసలు గలపుడు ముందటి బల్ల కాడనే నేర్పాలె మరి" అన్నాడు.

మర్నాడు స్టూలు మీద కూర్చుని నేను చేసిన మొదటి పని ఆ గిటారే. తోకకు తోక కలిపాను. ఇప్పుడు రెండు చుట్టలూ కలిసి పలికితే పాట నిండుగా ఉంది, మోత లేదు. స్విచ్చి నొక్కితే మళ్లీ ఆ పలుచని పాట. ఒక్క గిటారులో రెండు గొంతులని సారు పొంగిపోయి నన్ను ఇంకో మూడుసార్లు చెల్లె అన్నాడు.

వర్ని పెద్దాయన ఆ తర్వాత మోటారు ఎప్పుడు కాలినా బాపును దాటి నా ముందే దించేవాడు, "మోత బందువెట్టిన సెయ్యి" అంటూ. ఆయన ఉన్నన్నాళ్లూ నేను నిజం చెప్పలేదు, ఇదిగో మీకే చెబుతున్నాను. అప్పుడప్పుడు ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను పట్టుకుని చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. మెలిపెట్టాక, పక్కకు జరిగి, స్టూలు మీద కాస్త చోటివ్వాలని కూడా అనిపిస్తుంది.