బక్రం వేసిన గాలిగొట్టం

ఆ వీధిలో ఆవిడని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ కాలరక్కే. ఆవిడ కుట్టిన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా, అది తొడుక్కున్న మనిషి ఎంత డీలాపడినా, కాలరు మాత్రం తలెత్తుకునే ఉంటుంది. ఉద్యోగం ఊడి ఇంటికొస్తున్నవాడు కూడా కాలరక్క చొక్కాలో ఉంటే పైపదవి దక్కించుకున్నవాడిలా కనిపిస్తాడని వీధివారి నమ్మకం. ఇందులో మంత్రమేమీ లేదు, బక్రం ఉంది. కాలరు లోపల పెట్టే ఆ గట్టిగుడ్డను మిగతా దర్జీలు ఒక పొర వేస్తే ఆవిడ రెండు పొరలు వేసేది. లోకంలో వాలిపోయి ఉన్నవాటన్నిటి మీదా ఆవిడకు జాలి. జాలికి ఆవిడకు తెలిసిన మందు అదొక్కటే.

దుకాణం వెనక కిటికీ తెరిస్తే విమానాల మైదానం. పేరు ఘనమే కానీ, ఉన్నది ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, ఒక స్తంభం, ఒక తమ్ముడు. ఈ తమ్ముడు కాలరక్కకు తోడబుట్టినవాడు, మైదానానికి కాపలాదారు. గడ్డి కోయించడం, రన్‌వే మీద పవళించిన మేకలకు నచ్చజెప్పడం, చేతిరేడియోలో గంభీరంగా మాట్లాడటం అతని విధులు. ఆకాశంతో ఇంత దగ్గరి వ్యవహారం నడిపే ఆ ఉద్యోగికి స్టూలెక్కితే కళ్లు తిరుగుతాయి. ఇంట్లో బల్బు మార్చేది అతని భార్య, కాలరక్క మరదలు.

సైన్యంవారి సరుకు విమానం అప్పుడప్పుడూ వచ్చేది. దిగేది మాత్రం కాదు. పైలట్ల సాధన కోసమని పొట్ట నేలకు ఆనేంత కిందికి వంగి, రన్‌వేని ఒకసారి ఎగాదిగా చూసి, గుడ్డంతా విప్పించి కొనకుండా పోయే మనిషిలా మళ్లీ లేచిపోయేది. ఆ మోతకు దుకాణంలో దారపు ఉండలు దొర్లేవి. కుట్టుమిషను సూది తనంతట తానే ఒకసారి వణికేది. కాలరక్క పెడల్ మీద కాలు ఆపి, కిటికీలోంచి ఆ బూడిదరంగు పొట్ట కేసి చూసేది.

ఆ విమానానికి వెనకవైపు తెరుచుకునే పెద్ద తలుపు ఉంటుందని తమ్ముడు చెప్పాడు. అది మొదలు మధ్యాహ్నం కునుకులో ఆ తలుపు తెరుచుకోవడం మొదలైంది. కలలో విమానం బల్లమీంచి సిల్కుగుడ్డ జారినట్టు చప్పుడు లేకుండా దిగేది. తలుపు వాలేది. లోపల ఒక వీధి ఉండేది. దీపాలు వెలిగించిన దుకాణాలు, ఎవరో తుడిచిన అరుగులు, ఎక్కడో ఒక కుట్టుమిషను నడుస్తున్న చప్పుడు. ఆ మిషను ఎవరిదో చూద్దామని ఆవిడ అడుగు వేసేసరికి ఎవరో ఒకరు పంట్లాం పొట్టి చేయమని వచ్చి నిద్ర లేపేవారు.

ఒకరోజు తమ్ముడు దుకాణానికి వచ్చి, కత్తిరించిన ముక్కల గుట్ట మీద కూలబడ్డాడు.

"అక్కా, గాలిగొట్టం చీలికలు పేలికలైంది. కొత్తది కుట్టిపెట్టు. ఈసారి విమానం నిజంగా దిగుతుందట."

"నిజంగానా? తలుపు తీస్తారా?"

"నీ తలుపు గోల నీది. ఫోన్లో పెద్దసారు ఏమన్నాడో విను. దిగి, మళ్లీ ఎగిరితే మైదానం ఉంచుతారు. దిగలేకపోతే మూసేసి సిమెంటు గోదాము కడతారు. నన్ను ఇంకెక్కడో గేటు దగ్గర కూర్చోబెడతారు."

"ఇంకెక్కడో అంటే?"

"మేకలు కూడా లేనిచోట," అన్నాడు తమ్ముడు.

గాలిగొట్టమంటే స్తంభం కొసన కట్టే గుడ్డ గొట్టం. గాలి ఎటునుంచి, ఎంత జోరుగా వీస్తోందో పైనున్నవాళ్లకు అదే చెప్పాలి. ఆ మైదానంలో గాలి తక్కువ కనుక పాత గొట్టం ఏళ్ల తరబడి ఆరేసిన లుంగీలా వేలాడుతూ ఉండేది. తమ్ముడి కొలువు దాని మీద ఆధారపడి ఉంటే అది అలా మెడ వేలాడేసుకుని అతిథుల్ని ఆహ్వానించడం కాలరక్కకు నచ్చలేదు. నారింజరంగూ తెలుపూ పట్టీలు కలిపి గొట్టం కుట్టింది. ఎవరితోనూ అనకుండా, లోపల ఈ కొసనుంచి ఆ కొసదాకా బక్రం అస్తరు వేసింది. రెండు పొరలు.

మరదలు నిచ్చెన ఎక్కి కట్టేటప్పటికి కొంచెం గాలి ఉంది. గొట్టం రన్‌వేకి అడ్డంగా, బారుగా చాచుకుని నిలబడింది. "వదినా, ఎంత బాగుందో!" అంది. తర్వాత గాలి పడిపోయింది. గొట్టం పడలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

విమానం వచ్చిన మధ్యాహ్నం ఆకు కదలడం లేదు. వీధంతా కంచె దగ్గరికి చేరింది. ఎండలో రన్‌వే నీళ్లలా మెరుస్తోంది. దూరాన ఒక చుక్క, చుక్కకు రెక్కలు, రెక్కలకు మోత. అది వచ్చింది, వంగింది, దిగకుండా పక్కకు తిరిగింది. తమ్ముడి చేతిలో రేడియో గరగరమంది.

"రన్‌వేకి అడ్డంగా ఇంత గాలి ఉంటే దిగలేం. తిరిగి వెళ్తున్నాం."

"గాలా? సార్, ఇక్కడ ఊపిరాడక చస్తున్నాం!"

"నీ మాట నమ్మనా, నీ గొట్టాన్ని నమ్మనా?"

అందరూ స్తంభం వైపు చూశారు. చుట్టూ చెట్లు బొమ్మల్లా ఉంటే, గొట్టం ఒక్కటీ పెద్ద తుఫానుకు ఎదురు నిలిచినట్టు రన్‌వేకి అడ్డంగా బిగుసుకుని ఉంది. తమ్ముడు మెల్లగా అక్క వైపు తిరిగాడు.

"అక్కా, దానికి ఏం పెట్టావు?"

"బక్రం," అంది కాలరక్క. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా వీధి ఎప్పుడూ వినలేదు.

"చొక్కా అనుకున్నావా! విమానాన్ని తోలేశావు కదే!" అని తమ్ముడు రేడియో మీదికి వంగి బతిమాలాడు. "సార్, ఒక్క చుట్టు తిరగండి సార్. గొట్టానికి... ఒంట్లో బాగాలేదు. ఇప్పుడే బాగుచేస్తాం."

రేడియో ఊరికే గరగరమంది. బహుశా సైన్యంవారి శిక్షణలో ఇలాంటి సమాచారానికి జవాబు నేర్పలేదేమో. "ఒక్క చుట్టే," అంది రేడియో.

మరదలు నిచ్చెన ఆనించి కొంగు దోపింది. కాలరక్క ఆమెను పక్కకు తప్పించింది.

"నువ్వు నిచ్చెన పట్టుకో చాలు. నా కుట్టు మీద ఇంకొకళ్ల కత్తెర పడటానికి వీల్లేదు."

తనే ఎక్కింది. మెడలో తాడుకు వేలాడే చిన్న కత్తెర తీసి, గొట్టం మూతి దగ్గర అస్తరు కుట్టు కత్తిరించబోయింది. అది తెగదే! తన కుట్టు ఇంత గట్టిదని ఆవిడకు కోపం రావడం అదే మొదటిసారి. కింద తమ్ముడు నిచ్చెన వైపు చూడలేక కళ్లు మూసుకుని, "వచ్చేస్తోందక్కా, వచ్చేస్తోంది," అని కలవరిస్తున్నాడు. ఆవిడ పళ్లు బిగించి, కత్తిరించినంత కత్తిరించి, రెండు చేతులా పట్టి లాగింది. కొస దగ్గరి కుట్లు పర్రుమన్నాయి. బక్రమంతా ఒక్కసారిగా ఊడి వచ్చింది. గొట్టం మెత్తగా, నిద్ర ముంచుకొచ్చినదానిలా, ఆవిడ భుజం మీద వాలిపోయింది. వాలడంలో కూడా ఒక అందముందని ఆవిడకు అప్పుడు తోచింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

నిచ్చెన మీదుండగానే విమానం దిగింది. కలలో లాగా చప్పుడు లేకుండా కాదు, ప్రపంచంలో ఉన్న చప్పుడంతా వెంటబెట్టుకుని. దుమ్ములోంచి దొర్లుతూ వచ్చి, షెడ్డు ముందు వెనక్కి తిరిగి ఆగింది. తలుపు వాలింది.

కాలరక్క దిగి, బక్రం చుట్ట చంకలో పెట్టుకుని, ఎవరు వద్దంటున్నా వినకుండా నడిచింది. లోపల వీధి లేదు. మూటలున్నాయి. తలుపు దగ్గర నిలబడ్డ సైనికుణ్ణి అడిగింది.

"ఏముంది నాయనా వీటిలో?"

"ఇసుకమ్మా. బరువుతో దిగగలమో లేదో చూడటానికి."

ఆవిడ ఒక మూట మూతి పట్టి చూసింది. మొహం ముడుచుకుంది.

"ఇంత ఆకాశం దాటి వచ్చారు, ఇదేం కుట్టు నాయనా! గోతాం కూడా సిగ్గుపడుతుంది."

సైనికుడు నవ్వాడు. "మళ్లీ వచ్చినప్పుడు మీరే కుట్టిపెడుదురుగాని."

మళ్లీ వచ్చినప్పుడు. తమ్ముడు ఆ మాట విని కళ్లు తెరిచాడు.

విమానం కదిలి, పరుగెత్తి, మళ్లీ పైకి లేచింది. దాని గాలికి గడ్డి పడుకుంది, మరదలి కొంగు ఎగిరింది, మేకలు పరుగుతీశాయి. స్తంభం కొసన వేలాడుతున్న ఒట్టి గుడ్డ గొట్టం ఒక్కసారి ఊపిరి పీల్చుకుని నిండుగా లేచి, బారుగా చాచుకుని నిలబడింది. లోపల బక్రం లేదు. కాలరక్క చంకలోని చుట్టను ఒకసారి తడుముకుని మరీ చూసింది.