ఎత్తెక్కని బండి

ఫిజీలో సింగటోకా ఊరు దాటాక మొదటి ఎత్తులోనే మా పాత జీపు నీరసించిపోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం అందుకోదు. చెరకు లారీలు కూడా హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోతున్నాయి. డీజిల్లో నీళ్లు కలిపాడని బంకువాణ్ణి తిట్టాను, ఫిల్టర్ మార్చలేదని మెకానిక్‌ని తిట్టాను. చివరికి బరువెక్కువైందంటూ అమ్మనీ పిన్నినీ దింపేసి, గుడికి తెచ్చిన కొబ్బరికాయల సంచితో సహా నడిపించాను.

పైకి చేరాక ఆపి, వంగి చూశాను. పక్కింటి ఫిజియన్ ఆవిడ బండి పూజకు కానుకగా ఇచ్చిన చాప, నాలుగు మడతలుగా పెడల్ కింద ఉంది. పెడల్ సగం కూడా దిగడం లేదు. కోపంగా లాగి రోడ్డు మీద పడేశాను.

ఆయాసపడుతూ వచ్చిన అమ్మ చాప దులిపి చంకలో పెట్టుకుంది.

"నేనే వేస్తిని బేటా, నీ కాళ్లకు మెత్తగుంటదని. ఇప్పుడు ఎక్కొచ్చునా?"

నేను కొబ్బరికాయల సంచి అందుకుని జీపు తలుపు తీశాను.